వీధి తలుపు

పదకొండో వరస దగ్గర ఆగి ఇస్సర్ బ్లుమ్కిన్ నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. ఇంకా నాలుగు వరసలు వెయ్యాలి. మడత కుర్చీలు రెండేసి చంకన పెట్టుకుని తెస్తాడు, మోకాలితో ఒక్క పోటు పొడిచి తెరుస్తాడు, ముందువాళ్ళ తలలు వెనకవాళ్ళకి అడ్డం రాకుండా జానెడు పక్కకి జరుపుతాడు. ఆ జానెడు జరపమని అతనికెవరూ చెప్పలేదు. విన్నిపెగ్ యూదుల సంఘం హాల్లో సినిమా పండుగ మొదటి ఆట పందొమ్మిదేళ్ళుగా అందరికీ సరిగ్గా కనబడుతోందంటే దాని వల్లే. ఈ సంగతి ఎవరికీ తెలియదు, అతనూ చెప్పుకోడు.

అతనికి డెబ్బైయారేళ్ళు. ఈ హాల్లో పనికి చేరకముందు ముప్పైయెనిమిదేళ్ళు కోట్ల ఫ్యాక్టరీలో లోపలి జేబులు కుట్టాడు. కోటు కొన్నవాడు కాలరు చూసుకుని మురిసిపోతాడు గానీ, లోపలి జేబు కుట్టిన చెయ్యి ఎవరిదని అడిగిన పుణ్యాత్ముడు ఆ ఊళ్ళో లేడు. పనివాళ్ళకి సందులోంచి దారి. ఆ దారినే వెళ్ళాడు, ఆ దారినే వచ్చాడు. ఫోర్‌మన్ తిడితే తల వంచుకున్నాడు, భార్య తోబా సణిగితే ఊకొట్టాడు. తోబా పోయి ఆరేళ్ళయింది. నోట్లో నాలుక లేని మనిషని పేరు పడింది. ఆ పేరు చెరుపుకోవాలన్నా నోరే కావాలి కదా.

మధ్యాహ్నం రోషెల్ ఫింక్లర్ వచ్చింది. పండుగ కమిటీకి ఆవిడే పెద్ద. ఈ హాల్లో ఆడుకుంటూ పెరిగిన పిల్ల కాబట్టి ఇప్పటికీ అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. సోమవారం ఎవడో ఫోన్ చేసి, సినిమా వేస్తే హాలు తగలబెడతానన్నాడు. అప్పటినుంచి ఆవిడ ముఖాన నెత్తురు చుక్క లేదు.

"బాబాయ్, బయట బ్యానర్ దించెయ్. వీధి తలుపుకి తాళం పెట్టెయ్. వెనక వంటింటి తలుపులోంచి రమ్మని అందరికీ కబురు పెట్టాం."

"పోలీసులు పెట్టమన్నారా?"

"లేదు, వాళ్ళు ముందువైపు కారు పెట్టుకుని కాపలా ఉంటామన్నారు. మన కమిటీ వాళ్ళే ఇలాగైతే మంచిదన్నారు."

"చెత్త డబ్బాల పక్కనుంచా?"

"రెండు గంటల భాగ్యానికి ఏ తలుపైతే ఏంటి బాబాయ్?"

ఇస్సర్‌కి ఒళ్ళంతా వెచ్చబడింది. జ్వరమేమో అనుకున్నాడు. అలవాటు లేని మనిషి కాబట్టి, అది కోపమని తెలుసుకోవడానికి కాసేపు పట్టింది.

"అమ్మాయ్, నేను ముప్పైయెనిమిదేళ్ళు సందులోంచి పనికెళ్ళాను. మా అమ్మ ఈ దేశం వచ్చాక కూడా ఎక్కడికెళ్ళినా తలుపు పక్క కుర్చీలోనే కూర్చునేది, పారిపోవడానికి వీలుగా. చాలింక. మన హాల్లోకి మనమే దొంగల్లా దూరితే వాడింకో ఫోన్ చెయ్యక్కర్లేదు. నేను తాళం పెట్టను."

"ఏమన్నా అయితే?"

"తలుపు దగ్గర నేనుంటాగా. నన్ను చంపడానికొచ్చేవాడైనా ముందు పట్టా మీద కాళ్ళు తుడుచుకోవాల్సిందే."

రోషెల్ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. వరండాలోకి వెళ్ళి కమిటీ వాళ్ళతో ఫోన్లో అరగంట వాదించింది. చివరికి రాజీ కుదిరింది. ఈ సాయంత్రానికి రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. వీధి తలుపులోంచి ఎవరూ రాకపోతే మాత్రం మిగిలిన ఎనిమిది రోజులూ దానికి తాళమే.

ఆరున్నరకి ఇస్సర్ టై కట్టుకుని గడపలో నిలబడ్డాడు. పక్కన రోడెల్ అనే కాపలా మనిషి ఉన్నాడు, కమిటీ పిలిపించిన ఫిలిప్పీన్స్ కుర్రాడు. ఏదైనా జరిగితే లోపల ఎంతమంది ఉన్నారో తెలియాలని లెక్క అడిగాడు. ఇస్సర్ తల ఊపి వీధివైపు చూశాడు. కార్లు వస్తున్నాయి, మనుషులు దిగుతున్నారు, తలలు వంచుకుని గోడవారగా వెనక్కి పోతున్నారు. అందరూ ఎరిగినవాళ్ళే. ఒక్కరూ అతని ముఖం చూడలేదు. పావుగంట గడిచింది. లేనిపోని పంతానికి పోయి నవ్వులపాలయ్యానని అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు టాక్సీ ఆగి, పెస్యా దుబ్రోవ్ దిగింది. తొంభైమూడేళ్ళ మనిషి. ఏ ఏడూ మొదటి ఆట మానలేదు, ఆట చూస్తూ కమలాపండు ఒలుచుకోవడమూ మానలేదు.

"ఏరా ఇస్సర్, నన్ను చెత్త డబ్బాల పక్కనుంచి రమ్మని చెప్పారు. ఎవరి బుర్రలో పుట్టిందిరా ఆ బుద్ధి?"

"కమిటీ బుర్రలో పిన్నీ. అటైతే నీకు మెట్లుండవు."

"వంటింట్లోకి మోసుకుపోడానికి నేనేమన్నా బంగాళదుంపల బస్తానా? చెయ్యి ఇటియ్యి."

ఏడు మెట్లు. మెట్టుమెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంది. సందులోకి మళ్ళుతున్నవాళ్ళు నిలబడి చూశారు. ఆవిడ అలా ఎక్కుతుంటే వెనక నుంచి దూరడానికి ఎవరికి మొహం చెల్లుతుంది? ఒకరి వెనక ఒకరు ఇటే తిరిగారు. గోల్డ్‌ఫార్బ్ దంపతులూ, అప్పటికే వంటింట్లోంచి లోపలికి వెళ్ళిన మిగతావాళ్ళూ కాస్తా బయటికొచ్చి మళ్ళీ మెట్లెక్కారు. ఏడు కొట్టేసరికి రోషెలే వెళ్ళి వంటింటి తలుపు మూసేసింది.

"ఎంతమంది సార్?" అన్నాడు రోడెల్.

"నూట పదకొండు కాదు."

"మరెంత?"

"అదే చెబుతున్నా, నూట పదకొండు కాదు. మనుషుల్ని లెక్కపెడితే దిష్టి తగులుతుందయ్యా. అందుకని మేము ఒకటి కాదు, రెండు కాదు అంటూ లెక్కపెడతాం."

"మా అమ్మమ్మ దగ్గర కూడా ఇలాంటివి బోలెడున్నాయిలెండి," అంటూ రోడెల్ కాగితం మీద నూట పదకొండు వేసుకున్నాడు.

సినిమా అయ్యేసరికి తొమ్మిదైంది. జూన్ నెల కాబట్టి వీధిలో ఇంకా ఎండ పొడ ఉంది. పోలీసు కారు తప్ప అక్కడేమీ లేదు, ఎవడూ రాలేదు. జనం కబుర్లు చెప్పుకుంటూ మెట్లు దిగుతుంటే ఇస్సర్ లెక్కపెట్టాడు. నూట పది కాదు దగ్గర లెక్క ఆగింది. కాసేపు చూశాడు. ఇంకెవరూ రాలేదు.

లోపలికి వెళ్ళాడు. మూడో వరస చివర పెస్యా కూర్చుని ఉంది. గడ్డం గుండెకి ఆని, కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. మణికట్టు పట్టుకుని చూశాడు. రోషెల్‌ని పిలిచి, పెస్యా వెనక కుర్చీలో కూర్చున్నాడు. పోయినవాళ్ళని ఒంటరిగా వదలకూడదు. అంబులెన్సు వాళ్ళు చూసి, ప్రాణం పోయి గంట దాటిందన్నారు. అంత్యక్రియల సంఘం వాళ్ళొచ్చి తెల్లగుడ్డ కప్పేదాకా అతను కదల్లేదు.

రోషెల్ అతని చెవి దగ్గర వంగింది. "బాబాయ్, అంబులెన్సు వచ్చిందని జనం ఇంకా వీధిలోనే ఉన్నారు. ఇలా చూశారంటే రేపు ఒక్కరు రారు. వెనక నుంచి తీసుకెళ్దాం. అటు మెట్లు కూడా లేవు."

"భయపడి పోలేదమ్మా ఈవిడ. తొంభైమూడేళ్ళు బతికి, టికెట్టు కొనుక్కుని, మెట్లెక్కి వచ్చి, దర్జాగా కూర్చుని పోయింది. దాచుకోవాల్సిన చావా ఇది? వచ్చిన దారినే వెళుతుంది."

ఈసారి రోషెల్ కమిటీకి ఫోన్ చెయ్యలేదు. తనే వెళ్ళి వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

నలుగురు ఎత్తారు. తలవైపు ఇస్సర్ పట్టుకున్నాడు. మెట్ల మీద ఎవరన్నా సాయానికొస్తే తన పట్టు వాళ్ళకివ్వలేదు. జనం కబుర్లు ఆపి పక్కకి తప్పుకున్నారు. పోలీసు టోపీ తీశాడు. ఎవరూ పారిపోలేదు. అంత్యక్రియల సంఘం బండి కదిలాక వీధి చివరిదాకా దాని వెనకే నడిచారు, ఆచారం ప్రకారం కొన్ని అడుగులు చాలు గానీ. ఇస్సర్‌కి దుఃఖం వచ్చింది, దాంతోపాటు జన్మలో ఎరగనంత గర్వమూ వచ్చింది.

"రేపు కూడా ఆరున్నరకే తెరువు బాబాయ్," అంది రోషెల్, కారెక్కుతూ.

అతను మళ్ళీ లోపలికి వెళ్ళి, రేపటి కోసం కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. వెనక వరస నుంచి ఒక్కొక్కటీ జానెడు జరుపుకుంటూ మూడో వరసకి వచ్చి ఆగాడు. పెస్యా పక్క కుర్చీలో, పరిచిన చేతిరుమాలు మీద, సగం ఒలిచిన కమలాపండు ఉంది, తొక్క ఎక్కడా తెగకుండా.