గోనెసంచికి తల్లి

ఫోన్లో ఆడే ఆ ఆటలో కథ అంటూ ఏమీ లేదు. వంద మంది విమానంలోంచి ఒక దీవి మీదకు దూకుతారు. దొరికిన తుపాకీ పుచ్చుకుని ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరికి ఒక్కడు మిగులుతాడు. వాడు కాసేపు గంతులేసి మళ్లీ విమానం ఎక్కుతాడు. కోట్లమంది ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నా ఎవరికీ విసుగు పుట్టలేదు. పుట్టింది కంపెనీకే. ఆడేవాళ్లు ఎలాగూ ఆడుతున్నారు, పాపం ఆడనివాళ్లను ఎందుకు వదిలేయాలి అనుకున్నారు వాళ్లు. దాంతో ఆ దీవి మీద ఒక సినిమా, ఒక టీవీ సీరియల్, ఒక నవల, పసిపిల్లలకో బొమ్మల పుస్తకం ఒకేసారి ప్రకటించారు. పసిపిల్లల పుస్తకంలో తుపాకుల బదులు గొడుగులు ఉంటాయట.

సీరియల్ పని ఒక రచయిత్రికి వచ్చింది. ఆవిడ చాలా ఏళ్లుగా సాయంత్రం సీరియళ్లు రాస్తోంది. ఆవిడ రాసిన తల్లులు వంటింట్లో, ఆస్పత్రి వరండాలో, కోర్టు మెట్ల మీద, ఎక్కడ వీలైతే అక్కడ ఏడ్చారు. వాళ్లతోపాటు చూసేవాళ్లూ ఏడ్చారు. వీడియో గేమ్ మాత్రం ఆవిడ ఎన్నడూ ఆడలేదు. ఆ మాట ముందే చెప్పేసింది.

"మాక్కావలసింది అదే మేడం," అన్నాడు కంపెనీ తరఫున వచ్చినాయన. ఆయన హోదా 'విశ్వం విభాగం అధిపతి'. ఆయన ఏలుబడిలో ఉన్న విశ్వంలో ఒక దీవి, రెండు గిడ్డంగులు, ఒక వంతెన ఉన్నాయి. "మా ఆటలో అందరికీ ఇష్టమైనవాడు గోనెసంచి. తలకు గోనెసంచి తొడుక్కుని, కళ్ల దగ్గర రెండు చిల్లులు పెట్టుకుని తిరుగుతాడు. నోరు విప్పడు. ఎవడో, ఎక్కడివాడో ఎవరికీ తెలియదు."

"సంచి ఎందుకు తొడుక్కున్నాడు?"

"అది మాకూ తెలియదు మేడం. అప్పట్లో మొహం గీసే టైం లేక అలా వదిలేశారు. ఇప్పుడు దానికో లోతైన కారణం కావాలి. సోమవారానికి ఇస్తే చాలు."

రచయిత్రి ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే అత్తగారు చెవులకున్న హెడ్‌ఫోన్ తీసింది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. కోడలు ఇన్నాళ్లూ ఆవిడ ఫోన్లో ఏవో పేకముక్కలు కలుపుకుంటోందనుకుంది. తీరా చూస్తే పెద్దావిడ రోజూ భోజనం చేసి, పళ్లెం కడిగి, ఆ దీవి మీదకే దూకుతోంది. మొహం తెలియని ఇద్దరు ముగ్గురు జట్టువాళ్లకు పాత ఉద్యోగపు మర్యాదతోనే దారి చెబుతోంది. "బాబూ, మీ ఎడమవైపు గోడ వెనకాల ఒకాయన ఉన్నారు. దయచేసి కాల్చండి."

"అయితే మా గోనెసంచి మీద రాస్తున్నావా?" అంది ఆనందంగా.

"అవునత్తయ్యా. అసలు వాడిలో ఏముందని అందరికీ అంత ఇష్టం?"

"మాట్లాడడు. నా ఉద్యోగమంతా ఊళ్లోవాళ్ల మాటలు వినడంతోనే సరిపోయింది. నోరు మెదపనివాడు ఇన్నాళ్లకి ఒక్కడు దొరికాడు. వాడికేమీ అంటగట్టకు అమ్మాయ్, వాడి మానాన వాణ్ని ఉండనీ."

రచయిత్రి అలాగేనని తలూపి, గదిలోకెళ్లి వాడికి తల్లిని అంటగట్టింది.

కథ ఇదీ. కొడుకు మొహం అచ్చం తమను వదిలేసి పోయిన తండ్రి పోలిక. ఆ మొహం చూడలేక తల్లే వాడి చిన్నప్పుడు గోనెసంచి తొడిగింది. పెద్దయ్యాక వాడు ఇల్లొదిలి దీవికి పోయాడు. బుద్ధి తెచ్చుకున్న తల్లి లాంతరు పట్టుకుని, "బాబూ, ఒక్కసారి మొహం చూపించరా" అంటూ తుపాకుల మధ్య వెతుకుతోంది. ఇది విని విశ్వాధిపతి కళ్లు తుడుచుకున్నాడు. "విశ్వం పెద్దదైంది మేడం," అన్నాడు.

సీరియల్ మొదలైంది. ఆడనివాళ్లు ఆశించినట్టే ఏడ్చారు. ఆడేవాళ్లకు ఒళ్లు మండింది. మొదటి భాగం అయ్యాక అత్తగారు టీవీ కట్టేసి, "వాడి నోట్లో మాటలు కూడా పెట్టావు," అని ఒక్క మాట అని లేచిపోయింది. ఆ రోజు నుంచి కోడలితో మాట్లాడటం మానేసింది. మధ్యలో రచయిత్రి భర్తకి కొత్త ఉద్యోగం దొరికింది. ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరి మధ్య, "ఉప్పు అందించమంటోంది అమ్మ," "అందించానని చెప్పండి" అని మాటలు మొయ్యడం. అన్నం తినడానికి అతనికి తీరిక చిక్కేది కాదు.

ఆటగాళ్లు ఊరుకోలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ గోనెసంచి వేషాల్లోనే దూకి, తుపాకులు ఇసుకలో పడేసి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. ఎవరూ ఎవర్నీ కాల్చలేదు. "బాబూ, తొందరపడకండి. ఎవరి చోట్లో వాళ్లు కూర్చోండి," అని అత్తగారి గొంతు హాల్లోంచి రచయిత్రికి వినబడుతూనే ఉంది. కాల్చుకునే ఆటలో కాల్పులు ఆగిపోయాయని పేపర్లు రాశాయి. ఇక తన పని అయిపోయిందనుకుంది రచయిత్రి.

మర్నాడు విశ్వాధిపతి ఫోన్ చేశాడు. గొంతులో సంబరం. "అద్భుతం మేడం. ఎన్ని ప్రకటనలిచ్చినా ఇంత స్పందన రాలేదు. వాళ్ల ఆవేదన మాకు అర్థమైంది. అందుకే మీ తల్లిని ఆటలో పెట్టేస్తున్నాం."

పెట్టేశారు. నెరిసిన జుట్టు, చేతిలో లాంతరు, భుజాన గుడ్డ సంచి. దీవి ఈ చివర నుంచి ఆ చివరకు "బాబూ" అని పిలుస్తూ నడుస్తుంది. ఆవిణ్ని కాలిస్తే సంచిలోంచి తూటాలు రాలతాయి. ఈ తూటాల ఆలోచన ఎవరిదోగానీ గొప్పది. అప్పటిదాకా కథ వద్దని ధర్నా చేసినవాళ్లంతా ఒక్కసారిగా కథలో లీనమైపోయారు. విమానం దిగడం ఆలస్యం, అందరూ తల్లి కోసమే పరుగు.

ఒకరోజు హాల్లోంచి వెళ్తూ రచయిత్రి అత్తగారి భుజం మీంచి తెర చూసింది. లాంతరు కింద పడి ఉంది. ముగ్గురు చుట్టూ చేరి తూటాలు ఏరుకుంటున్నారు. అంతలోనే దూరంగా మళ్లీ అదే మనిషి లేచి, అదే గొంతుతో "బాబూ" అంది. మళ్లీ కాల్చారు.

రచయిత్రి రాసిన తల్లుల్లో కొందరికి జబ్బులొచ్చాయి, ఇద్దరు మేడమెట్ల మీంచి పడ్డారు, ఒకావిడ రైలు కింద పడబోయి బతికింది. ఏనాడూ ఆవిడ చలించలేదు. ఇప్పుడు మాత్రం వెళ్లేదల్లా ఆగి అత్తగారి పక్కన సోఫాలో కూర్చుంది.

"మీరూ కాల్చారా అత్తయ్యా?"

అన్ని వారాల తర్వాత అదే మొదటి మాట. అత్తగారు తెర మీంచి చూపు తిప్పలేదు. "మొదటిరోజు కాల్చాను. కోపం నీ మీద. ఆవిడ అడ్డొచ్చింది. పడిపోయేటప్పుడు కూడా బాబూ అనే అంది. మళ్లీ చెయ్యి రాలేదు."

ఆ రోజు అత్తగారు కోడలి ఫోన్లో కూడా ఆట ఎక్కించింది. రచయిత్రి మొదట దూకి నీళ్లలో పడింది. తర్వాత దూకి చెట్టులో ఇరుక్కుంది. ఆపైన ఎలాగో నేల మీద నిలబడితే, ఇద్దరూ తల్లికి చెరోవైపు కాపలాగా నడిచారు. అత్తగారి జట్టువాళ్లు గొణిగినా వెనకాలే వచ్చారు. గిడ్డంగులు దాటారు. వంతెన దాటారు. అక్కడ అత్తగారు తను ఆడుతున్న గోనెసంచిని తీసుకెళ్లి సరిగ్గా తల్లి ఎదురుగా నిలబెట్టింది.

తల్లి ఆగింది. లాంతరు కొంచెం పైకి లేచింది. తర్వాత పక్కకు తప్పుకుని, "బాబూ" అని పిలుచుకుంటూ ముందుకు పోయింది.

"గుర్తుపట్టలేదు," అంది రచయిత్రి.

"ఎలా పడుతుంది? అది ఎవరూ రాయలేదుగా."

రచయిత్రి అప్పటికప్పుడే విశ్వాధిపతికి ఫోన్ చేసింది. కొడుకు ఎదురైతే తల్లి గుర్తుపట్టేలా చెయ్యమని, కావాలంటే ఆ మాటలు ఊరికే రాసిస్తానని అంది.

"మంచి పాయింటే మేడం," అన్నాడాయన. "కానీ గుర్తుపట్టడం సినిమాకి కేటాయించాం. అది కూడా రెండో భాగంలో. అందాకా ఆవిడ వెతకాలి."

రచయిత్రి ఫోన్ పెట్టేసి ఆ మాటే చెప్పింది. తెర మీద తల్లి అప్పటికే దీవి అంచుదాకా వెళ్లి వెనక్కి తిరిగింది. గిడ్డంగి కప్పు మీద ఎవడో తుపాకీ గురిపెడుతున్నాడు.

"నువ్వు ముందు నడువు అమ్మాయ్," అంది అత్తగారు, హెడ్‌ఫోన్ సర్దుకుంటూ. "వాడి సంగతి నేను చూస్తాను."