బానెట్ మీద నాలుగున్నర వేళ్లు

చెంబుడు నీళ్లు కారు పైకప్పు మీద పోసి, అతను ఒక కన్ను మూసుకుని పక్కనుంచి చూశాడు. రంగు బాగున్న చోట నీళ్లు పూసల్లా విడిపోయి పరుగెడతాయి. పాడైన చోట కదలకుండా పరుచుకుని కూర్చుంటాయి. ఇక్కడ కూర్చున్నాయి. గోటితో నెమ్మదిగా తట్టాడు. మందం కొలిచే యంత్రాన్ని నాలుగు చోట్ల ఆనించి చూశాడు. చివరికి జేబులోంచి భూతద్దం తీసి వంగాడు. కప్పు నిండా వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు, అన్నీ గుండ్రంగా తిరిగి ఉన్నాయి.

"దీన్ని దేంతో కడుగుతారండీ?"

"నీళ్లతోనే," అన్నాడు కారు యజమాని.

"నీళ్లూ ఇంకా?"

"మా ఆవిడ గిన్నెలు తోముకునే పీచు ఇచ్చింది. అయినా అది కొత్త పీచేనండీ."

అతను నవ్వలేదు. పసుపురంగు మైనపు పెన్సిల్‌తో ఆ చోటు చుట్టూ ఒక గీత గీసి, కాగితం మీద 'బయటి కారణం' అని రాశాడు. కారు వెళ్లిపోయాక మాత్రం గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు.

ఆ సర్వీసు సెంటర్లో అతన్ని అందరూ 'నాలుగున్నర' అంటారు. కంపెనీలో చేరకముందు ఏదో షెడ్డులో పనిచేస్తుండగా కుడిచేతి ఉంగరపు వేలు కారు తలుపులో పడి సగానికే ఆగిపోయింది. ఆ చేతికి మిగిలినవి నాలుగున్నర. మొదట్లో వెనకాల అనుకునే మాట, రానురాను ఎదురుగానే పిలుపైంది. అతనికీ అలవాటైపోయింది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఏళ్ల తరబడి వంగి వంగి చూసి వీపు కాస్త ముందుకు వాలింది. కనుబొమలు మాత్రం దట్టంగా, ఎప్పుడూ ఏదో అనుమానిస్తున్నట్టు పైకి లేచి ఉంటాయి. చొక్కా జేబులో భూతద్దం, దాని పక్కన పసుపు పెన్సిల్.

వారంటీ దాటిన కార్ల రంగు తగాదాలన్నీ చివరికి అతని ముందుకే వస్తాయి. ఫ్యాక్టరీలోనే సరిగ్గా వెయ్యలేదని కొన్నవాళ్లు, ఎండలో పెట్టుకున్నారని, పిట్టలు రెట్టలు వేశాయని కంపెనీవాళ్లు. మధ్యలో ఇతను. వారంటీ దాటినా తప్పు ఫ్యాక్టరీదేనని తేలితే కంపెనీయే బాగుచేసివ్వాలని ఫారం చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. కానీ ఏ రోజు, ఎవరి చేతిలో, ఎలా జరిగిందో నిరూపించాలి. ఏళ్లనాటి సంగతి ఎవరికి దొరుకుతుంది? ఆ పేజీ ఇంతవరకూ ఎవరూ నింపలేదు.

ఈ రోజు అతనికి ఉద్యోగంలో ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి పై గదిలో చిన్న సభ. ముప్ఫై మూడేళ్లలో ఇరవై తొమ్మిదేళ్లు ఫ్యాక్టరీ పెయింటు విభాగంలో తనిఖీ, చివరి నాలుగేళ్లు ఇక్కడ. అంత కాలంలో అతని పని మీద ఒక్క ఫిర్యాదు లేదు. 'ఒక్క లోపమూ లేని సేవ' అని పటం కట్టించి ఇస్తున్నారట. మేనేజరు ముందుగానే చూపించాడు. పైకి "ఇవన్నీ ఎందుకండీ" అన్నాడు కానీ, లోపల ఆ పటం కోసం చిన్నపిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు. దానికి కారణం భార్య. ముప్ఫై రెండేళ్ల కాపురంలో గొడుగులు పారేసుకున్నాడని, పొయ్యి మీద పాలు పొంగించాడని, మతిమరుపు మనిషని ఆవిడ అనని రోజు లేదు. నలుగురి మధ్యా మేనేజరు నోటితో ఆ ఒక్క ముక్క ఆవిడ చెవిన పడాలి. అందుకే వారం ముందునుంచీ గుర్తుచేస్తున్నాడు, అమ్మాయినీ మనవరాలినీ కూడా తీసుకుని నాలుగింటికల్లా రమ్మని.

పదకొండు గంటలకు మేనేజరు ఒక ఫైలు పట్టుకొచ్చాడు.

"నాలుగున్నర గారూ, ఇదొక్కటి చూసేయండి. డ్రైవింగు నేర్పే ఆవిడ కారు. వారంటీ అయిపోయిన పంతొమ్మిదో రోజు నుంచి, రెండేళ్లుగా మా ప్రాణం తీస్తోంది. తనిఖీ చేస్తే గానీ కదలనని కూర్చుంది. బయటి కారణం అని రాసేస్తే ఫైలు మూసేద్దాం."

ఆవరణలో నీలం రంగు చిన్న కారు ఉంది. దాని పక్కన నడుం మీద చేతులు వేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. మెడలో తాడుకు వేలాడుతున్న విజిలు, కాళ్లకు బూట్లు. బ్రేకు తొక్కాల్సిన చోట యాక్సిలరేటరు తొక్కేవాళ్లతో రోజూ వేగే మనిషి గనక గొంతు కొంచెం పెద్దదే.

"రండి సార్. మీరైనా చూడండి. మీ వాళ్లు కుర్చీలోంచి లేవకుండానే పిట్టలంటారు. ఏ పిట్టకండీ ఇలాంటి చెయ్యి ఉండేది?"

అతను బానెట్ వైపు చూశాడు. నడిమధ్య నీలం రంగు ఊడి, కింద మొదటి పూతగా వేసే బూడిదరంగు ప్రైమరు కనిపిస్తోంది. ఊడిన చోటు అచ్చంగా మనిషి చెయ్యి ఆకారంలో ఉంది. అరచెయ్యి, బొటనవేలు, చాచిన వేళ్లు.

"మొదట బొటనవేలొక్కటే లేచింది. తర్వాత ఒక్కో వేలే బయటికొచ్చింది," అంది ఆవిడ. "నేర్చుకోడానికొచ్చేవాళ్లు దీన్ని దయ్యం కారంటున్నారు. నిన్న ఒకమ్మాయి ఎక్కనని ఇంటికెళ్లిపోయింది. నాకున్నది ఈ ఒక్క కారు సార్. దీని మీదే నా బతుకు."

"ఎవరో చెయ్యి వేసి ఉంటారు," అన్నాడు మేనేజరు ఫైలులో తల పెట్టి. "చేతికి ఏదో మందు అంటుకుని ఉంటుంది."

"అదే కదండీ నేనూ వెతుకుతున్నది. వాడికి ఉంగరపు వేలు సగమే ఉంది, చూడండి. రెండేళ్ల నుంచి నా కారెక్కిన ప్రతివాడి వేళ్లూ లెక్కపెడుతున్నాను. పాలవాడివి, పోస్టుమాన్‌వి, మా మరిదివి కూడా లెక్కపెట్టాను. అందరికీ ఐదేసి ఉన్నాయి."

నాలుగున్నర కుడిచెయ్యి దానంతట అదే ప్యాంటు జేబులోకి వెళ్లిపోయింది.

ఎడమచేత్తో భూతద్దం పట్టుకుని వంగాడు. ఊడిన అంచుల దగ్గర ఎండ దెబ్బ లేదు, మందు కాల్చిన జాడ లేదు. ప్రైమరు మీద వేలిముద్రల గీతలు సన్నగా నిలిచి ఉన్నాయి. పై రంగు పడకముందు తగిలిన చెయ్యి అది. చర్మానికుండే జిడ్డు ఒక్క చుక్క చాలు, అక్కడ రంగుకు పట్టు దొరకదు. కొత్తలో అద్దంలా మెరుస్తుంది, ఏళ్ల తర్వాత పొరలా లేస్తుంది. ఈ సంగతి ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ప్రతివాడికీ అతనే పాఠంలా చెప్పేవాడు. చేతికి తొడుగు లేకుండా లోపలికి రావొద్దని అరిచేవాడు.

బానెట్ ఎత్తి చూశాడు. లోపలి అంచున తనిఖీ ముద్ర ఉంది. ఇరవై ఏడు, అతని నంబరే. పక్కనే కారు తయారైన తేదీ. ఆ తేదీ అతనికి పుస్తకం చూడకుండా తెలుసు. ఇంట్లో ఏడాదికోసారి ఆ తేదీన కేకు కోస్తారు.

ఆ రోజు అమ్మాయి పురిటినొప్పులతో ఆసుపత్రిలో ఉంది. లోపలికి ఫోను తేకూడదన్నది నియమం. అయినా మేజోడులో దాచి తెచ్చుకున్నాడు. ప్రైమరు వేసిన కారు ముందు నిలబడి ఉండగా కాలి దగ్గర ఫోను గుర్రుమంది. తొడుగు వేసుకున్న వేలితో ఎంత నొక్కినా తెర పలకలేదు. విసుగొచ్చి రెండు చేతుల తొడుగులూ లాగి పారేశాడు. అవతల భార్య గొంతు. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం, ముక్కు మాత్రం మీదే, ఏం చేస్తాం, అంది. అతను ఒక్కసారిగా ముందుకు తూలాడు. పడకుండా దేన్నో పట్టుకున్నాడు. ఏడుస్తూ నవ్వుతూ ఉండిపోయాడు. పట్టుకున్నది ఏమిటో ఆ తర్వాత ఐదేళ్లలో ఒక్కసారీ గుర్తు రాలేదు.

"టీ తాగి వస్తాను," అన్నాడు మెల్లగా.

టీ గ్లాసుతో మెట్ల కింద నిలబడ్డాడు. ఒక్క మాట రాస్తే చాలు, ఫైలు మూసుకుపోతుంది. నాలుగింటికి పటం చేతికొస్తుంది. భార్య నోరు జన్మలో ఒక్కసారైనా మూతపడుతుంది. డ్రైవింగు నేర్పే ఆవిడ మాత్రం ఇంకో రెండేళ్లు ఊళ్లో వాళ్ల వేళ్లు లెక్కపెట్టుకుంటుంది. ఆ ఊహకు, అంత దిగుల్లోనూ, నవ్వాగలేదు. టీ పొలమారింది. పాపం మరిది వేళ్లు కూడా లెక్కపెట్టిందట. సగం టీ కింద పారబోసి, ముఖం కడుక్కుని వెనక్కి వచ్చాడు.

ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది. అతను జేబులోంచి కుడిచెయ్యి తీసి, బానెట్ మీది ఆ మచ్చ మీద మెల్లగా ఆనించాడు. బొటనవేలు బొటనవేలి మీద, అరచెయ్యి అరచేతి మీద సరిపోయాయి. సగం వేలు సగం దగ్గరే ఆగింది.

ఆవిడ చేతివైపు చూసింది, అతని ముఖం వైపు చూసింది. మళ్లీ చేతివైపు చూసి వేళ్లు లెక్కపెట్టింది. విజిలు ఊగిపోయేలా నవ్వడం మొదలుపెట్టింది.

"మీరా సార్? రెండేళ్లుగా తిడుతున్నది మిమ్మల్నా?"

"నన్నేనమ్మా. చాలా గట్టిగా తిట్టారా?"

"అబ్బో. మీరు వినలేరు."

"ఆ రోజు మా మనవరాలు పుట్టింది," అన్నాడు. ఎడమచేత్తో ముఖం తుడుచుకున్నాడు. ఆవిడ నవ్వు ఆపి, తన సీసాలోని నీళ్లు అతనికి ఇచ్చింది.

మేనేజరు మాత్రం తల పట్టుకున్నాడు. "ఆఖరి రోజున ఇదేం పనండీ? ఎవరడిగారు మిమ్మల్ని? వారంటీ అయిపోయి రెండేళ్లయింది కదా."

"రంగుకు మూడేళ్లని రాశారు. నా చేతికి ఎన్నేళ్లో ఎవరూ రాయలేదు కదండీ."

"మరి పటం? చెక్కించి తెచ్చాం. ఇప్పుడు నేనేం చదవాలి?"

"ఉన్నది చదవండి."

చివరి పేజీ తిప్పి, తేదీ, తనిఖీ నంబరు, కారణం రాశాడు. 'ఎవరి వల్ల' అన్న గడిలో తన పూర్తి పేరు పొందిగ్గా నింపాడు. చెయ్యి మచ్చ మీద ఉండగా మేనేజరు ఫొటో తీశాడు. తీస్తూ తీస్తూ అతనికీ నవ్వొచ్చింది, ఫొటో కదిలిపోయింది. మళ్లీ తీయాల్సి వచ్చింది.

నాలుగింటికి పై గది నిండింది. డ్రైవింగు టీచరు కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. భార్య ముందు వరసలో, ఒళ్లో మనవరాలు. పక్కన అమ్మాయి. మేనేజరు లేచి గొంతు సవరించుకున్నాడు. పటం మీద చెక్కిన అక్షరాలు చెరపలేక, వాటి పక్కన ఒక చీటీ అంటించాడు.

"ముప్ఫై మూడేళ్ల సేవలో ఒకే ఒక్క లోపం," అని చదివాడు. "అది ఈ రోజు ఉదయమే బయటపడింది. పట్టుకున్నది కూడా ఆయనే."

గది గొల్లుమంది. భార్య అతనివైపు తిరిగి కనుబొమలెగరేసింది.

"ఒక్కటేనా? ఇంట్లో లెక్క వేరే ఉంది."

అతను లేచి, మేజోడులో ఫోను దగ్గర్నుంచి బానెట్ దాకా జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెబుతున్నంతసేపూ భార్య వైపు చూడలేదు. ముగించి చూసేసరికి ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. ముప్ఫై రెండేళ్లలో మొదటిసారి, ఆవిడకు మాట దొరకడానికి కొంచెం సమయం పట్టింది.

"ఫోను చేసింది నేనే కదండీ. అందులో సగం తప్పు నాది," అంది.

పటం కంటే ఆ మాట అతనికి ఎక్కువగా నచ్చింది. అంత సంతోషంగా ఉన్నప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సభకు తెచ్చిన కేకు ముక్కలు పంచడం మొదలుపెట్టాడు.

సభ అయ్యాక మనవరాలు తాత చెయ్యి చూపించమని పట్టుబట్టింది. అందరూ ఆవరణలోకి దిగారు. అతను పిల్లని నడుం పట్టుకుని బానెట్ మీదికి ఎత్తాడు. పిల్ల తన చెయ్యి ఆ మచ్చలో పెట్టి చూసుకుంది. అరచేతిలో సగం కూడా నిండలేదు.

"తాతా, నాది చిన్నది."

"నువ్వు పుట్టిన రోజున పడిందే ఇది. నువ్వు పెరుగు, సరిపోతుంది."

పిల్ల అతని చొక్కా జేబులోంచి పసుపు పెన్సిల్ లాగింది. అతను ఆపబోయాడు. డ్రైవింగు టీచరు వారించింది.

"ఎలాగూ మార్చేదే కదా సార్, గీయనివ్వండి."

పిల్ల నాలుక కొరుక్కుంటూ, తన వేళ్ల చుట్టూ జాగ్రత్తగా గీత గీసుకుంది. ఎంతో మంది కార్ల మీద లోపాల చుట్టూ తిరిగిన పెన్సిలే అది.

భూతద్దం మేనేజరు బల్ల మీద పెట్టి, పటం చంకలో పెట్టుకుని, మనవరాలి వేలు పట్టుకుని అతను గేటు దాటాడు. గొడుగు మాత్రం మెట్ల దగ్గర మర్చిపోయాడు. భార్య వెనక్కి వెళ్లి తెచ్చింది, ఏమీ అనలేదు. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి చెంబు, నీళ్లు ఎప్పటి చోటే ఉన్నాయి. వాటిని తీసుకోవడానికి ఇంకెవరో వచ్చారు.

పై ఆఫీసు నుంచి వారం తర్వాత కొత్త బానెట్ వచ్చింది. నీలం కారు తళతళలాడుతూ వెళ్లిపోయింది. ఇక్కడ విప్పిన పాత సామానును నెలాఖరుకు తుక్కులో వేసేస్తారు. నెల గడిచింది, ఇంకో నెలా గడిచింది, దాన్ని తీయమని మేనేజరు ఎవరికీ చెప్పలేదు. వెనక గోడకు ఆనించిన ఆ పాత బానెట్ మీద నాలుగున్నర వేళ్ల బూడిదరంగు చెయ్యి, దాని అరచేతిలో ఐదు వేళ్లూ చాచిన చిన్న పసుపు చెయ్యి.