పాము కాటుకు మొదటి పేజీ

పోలయ్యని ఆస్పత్రికి తెచ్చేసరికి కాటు పడి నాలుగు గంటలైంది. నాగాయలంక దగ్గర నాట్లేస్తుంటే రక్తపింజరి కరిచింది. పిక్క మీద తాడు బిగించి ఉంది. గాయం మీద ఏదో ఆకు పసరు నల్లగా ఎండిపోయింది. డ్యూటీలో ఉన్న నర్సు గాయత్రి తాడు చూసి అడిగింది.

"ఎవరమ్మా ఇదంతా చేసింది?"

"నేనేనండీ," అంది అతని కూతురు లిఖిత. ఇంటర్ చదువుతోంది. "ఫోన్లో వెతికితే మొదట వచ్చింది చూసి చేశానండీ. పసరు మూడు గంటలు ఆరాకే మనిషిని కదపమని రాశారు."

విషం విరుగుడు ఇంజెక్షన్లు ఎక్కించారు. మర్నాడు మధ్యాహ్నం పోలయ్య పోయాడు.

ఆ పేజీని గాయత్రి కూడా చదివింది. చక్కని తెలుగు, ఒక్క అచ్చుతప్పు లేదు. అందుకే ఎక్కువ భయమేసింది. ఇంటికొచ్చి తనే ఒక పేజీ రాసింది. కట్టొద్దు, కొయ్యొద్దు, పసరు పూయొద్దు, కాలు కదపకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. బందరులో ఉండే ఆమె పిన్ని కొడుకు వాసు దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ షాపులకి వెబ్‌సైట్లు చెయ్యడం అతని పని.

పది రోజులైనా వెతికితే ఆ పేజీ ఎక్కడా కనపడలేదు.

"బాగానే రాశావక్కా. కానీ గూగుల్‌కి నువ్వెవరో తెలీదు," అన్నాడు వాసు. "వేరే సైట్లు మన పేజీకి లింకు ఇవ్వాలి. నలుగురు చెబితేనే నమ్ముతుంది. ఇంగ్లీషులో ఇచ్చేవాళ్లు లక్షమంది ఉంటారు. తెలుగులో ఉన్నవే కాసిని సైట్లు. అవీ సినిమాలు, జాతకాలు."

"వాట్సాప్‌లో ఎంతమంది పంపుకున్నార్రా!"

"అది గూగుల్‌కి కనపడదక్కా."

గాయత్రి డ్యూటీ దిగాక రోజూ ఉత్తరాలు రాసింది. వార్తల సైట్లకి, కాలేజీలకి, రైతుల సంఘాలకి, మొత్తం నలభై మందికి. ఒక వార్తల సైటువాళ్లు ప్రకటన రేట్లు పంపారు. ఒక కాలేజీవాళ్లు కమిటీలో పెడతామన్నారు. టీచర్ల సైటొకటి, రొయ్యల రైతుల సైటొకటి మాత్రం లింకు ఇచ్చాయి. వాటితో, వెతికితే వచ్చే జాబితాలో ఆమె పేజీ నాలుగో తెరకి వచ్చింది. పాము కరిచినవాడు నాలుగో తెర దాకా వెళ్తాడా?

వానలు పెరిగాయి. వారానికి ముగ్గురు, నలుగురు వస్తున్నారు. వాళ్లలో ఒకరిద్దరి కాళ్లకి ఆ పసరే.

ఎవరో వెయ్యి లింకులు అమ్ముతామని మెసేజ్ పెడితే గాయత్రి కొనేద్దామంది. వాసు ఒప్పుకోలేదు.

"అన్నీ జూదం సైట్లక్కా. గూగుల్ పట్టుకుందంటే మన పేజీ ఇంక ఎప్పటికీ రాదు."

"మరేం చెయ్యమంటావురా? పొద్దున వచ్చినావిడకి కిడ్నీలు పోయాయి. ఇంకెంతమంది కావాలి?"

వాసు లాప్‌టాప్ తెరిచాడు. వెతికితే మొదట వచ్చే ఆ పసరు పేజీకి ఎవరెవరు లింకులిచ్చారో చూశాడు. పన్నెండేళ్లలో పదకొండు తెలుగు సైట్లు. రాసినాయన గుడివాడలో రిటైరైన తెలుగు మాస్టారు, చలపతిరావు.

గాయత్రి సెలవు పెట్టి పామర్రు మీదుగా గుడివాడ బస్సెక్కింది.

ఆయన ఆమెని ఆదరంగా కూర్చోబెట్టాడు. "నా రాతలు చదివి ఇంత దూరం వచ్చావా తల్లీ? అవన్నీ మా తాతగారి నోటు పుస్తకాల్లోవి. పోతాయేమోనని ఇంటర్నెట్‌లోకి ఎక్కించాను."

ఆమె పోలయ్య సంగతి చెప్పింది. ఆయన మొహం మారిపోయింది.

"మా తాతగారు ఎంతమందిని బతికించారో నీకు తెలుసా?"

"విషం ఎక్కని కాట్లు చాలా ఉంటాయండీ. వాళ్లు పసరు లేకపోయినా బతుకుతారు. విషం ఎక్కితే ఇంజెక్షనొక్కటే దారి."

"ఆయన రాసింది తీసెయ్యమంటే నా వల్ల కాదమ్మా. వెళ్లు."

గాయత్రి లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి ఆయన కుర్చీ ముందు నేల మీద కూలబడింది.

"మాస్టారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ అమ్మాయి రోజూ ఫోన్ చేస్తోంది. నాన్నని నేనే చంపానా మేడమ్ అని అడుగుతోంది. నేనేం చెప్పనండీ?"

ఆయన ఆమెని లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఆ పిల్ల వయసెంత?"

"పదిహేడు."

"ఫోన్ కలుపు."

ఆయన ఫోన్ అందుకున్నాడు. "అమ్మా లిఖితా, నేను తెలుగు మాస్టార్ని. నువ్వు చదివిన పేజీ రాసింది నేనే. తప్పు నాది తల్లీ. అచ్చులో ఉన్నది నమ్మమని మీకు నేర్పింది మావంటివాళ్లే. నీ చేతుల్లో ఏ దోషమూ లేదు."

ఆ పిల్ల ఏం అందో గాయత్రికి వినపడలేదు. మాస్టారు మాత్రం చెవికి ఫోన్ ఆనించుకుని "అవునమ్మా, అవును" అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

వెంటనే పేజీ తీసేస్తానన్నాడు. గాయత్రి ఫోన్ చేసి చెబితే వాసు ఆపాడు. "వద్దండీ! తీసేస్తే దాని వెనకున్న లింకులన్నీ వృథా అవుతాయి. కిందున్న ఇంకో పసరు పేజీ పైకొస్తుంది. మీది తెరిచినవాళ్లు నేరుగా అక్క పేజీకి వచ్చేలా మళ్లించండి. ఎలాగో నేను చెప్తాను."

మళ్లించాక చలపతిరావు పాత డైరీ తీశాడు. లింకులిచ్చిన పదకొండు మందిలో తొమ్మిదిమంది నంబర్లు దొరికాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "నేను రాసింది తప్పు. మీ దగ్గరున్న లింకు కూడా ఈ నర్సమ్మ పేజీకి మార్చండి," అని చెప్పాడు. సాయంత్రం బస్సు వేళకి ఆరుగురు మార్చారు.

మూడు వారాలకి గాయత్రి పేజీ రెండో స్థానానికి వచ్చింది. దాని పైన మంత్రం వేసే వీడియో ఒకటుంది. ఆగస్టులో కోడూరు నుంచి ఒకావిడ నలభై నిమిషాల్లో ఆస్పత్రికి చేరింది. కాలికి కట్టు లేదు, పసరు లేదు. ఆవిడ బతికింది. అదే వారం తాయెత్తుతో వచ్చిన ఒకాయన బతకలేదు.

ఆ వీడియో పెట్టిందెవరో వాసుకి ఇంకా దొరకలేదు. గాయత్రి ఇంకో నలభై సైట్ల పేర్లు రాసుకుంది. ఈసారి ఉత్తరాలు చలపతిరావు మాస్టారు రాస్తున్నారు.