హర్జోనో వాళ్ళమ్మ

"ముందు పొగాకు లోపల పెట్టండి" అన్నాడు హర్జోనో.

మసీదు మైకు అప్పుడే మూగబోయింది. పాతిపెట్టిన శవాలు లేచి దిగువ వీధిలోకి వచ్చేశాయనీ, అవి కరిచినవాళ్ళు కూడా వాటిలాగే అయిపోతున్నారనీ, పిల్లల్ని తీసుకుని తలుపులేసుకోమనీ చెప్తూ చెప్తూ ఆగిపోయింది. సిందోరో కొండమీద అది పొగాకు ఎండే కాలం. వాకిట్లోనూ పెరట్లోనూ వెదురు తడికల మీద సన్నగా తరిగిన పొగాకు పరిచి ఉంది. తెల్లవారుజాము నుంచీ పరిచిందీ తిరగేసిందీ హర్జోనో భార్య తుమిరా, ఆమె అత్తగారూ. ఇప్పుడు ఎత్తాల్సిందీ వాళ్ళే. హర్జోనో గుమ్మంలో నిలబడి, వంచకుండా పట్టుకోమనీ, పొడి రాలిపోతోందనీ చెప్తున్నాడు. కూతురు వెనింగ్‌ని మాత్రం తుమిరా రెక్క పట్టుకుని లోపలికి నెట్టింది.

ఆ తర్వాత తుమిరాకి ఎన్నిసార్లో ఇదే గుర్తొచ్చింది. ఎందుకు ఎత్తాను? శవాలు నడిచొస్తున్నాయని చెవులారా విని కూడా చేతులు వాటంతటవే తడిక కిందికి ఎలా వెళ్ళాయి? కాపురానికి వచ్చిన కొత్తలో జ్వరంతో పడుకుంటే, "నీ జ్వరం సంగతి పొగాకుకి తెలుసా?" అన్నాడు మామగారు. వెనింగ్ కడుపులోంచి బయటికొస్తానని పొడుస్తుంటే, ఈ వరస తిరగేసి పడుకో అన్నది అత్తగారే. అలా అలవాటైపోయింది. మొదట భయపడి చేసింది, తర్వాత భయం కూడా అక్కర్లేకుండా చేసింది. ఆ రోజు ఒక్కసారి "నువ్వే ఎత్తుకో" అని ఉంటే, ముగ్గురాడవాళ్ళూ లోపలే ఉండేవాళ్ళు.

పెరట్లో ఆఖరి తడిక అత్తగారి చేతిలో ఉండగా కంచె విరిగింది. తుమిరా వాకిలి వైపు నుంచి లోపలికొచ్చేసరికి పెరటి తలుపుకి గడియ వేసి ఉంది. హర్జోనో దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. బయట నుంచి అత్తగారు తలుపు కొడుతోంది. తుమిరా అతన్ని పక్కకి తోసి గడియ తీసింది. ముసలావిడని లోపలికి లాగి మళ్ళీ వేసేలోపు జరగాల్సింది జరిగిపోయింది. ఆవిడ మోచేతి కింద, కరిచిన చోట కండ ఊడి వేలాడుతోంది.

ఎవరూ అడక్కుండానే, అమ్మ లోపలే ఉందనుకున్నానన్నాడు హర్జోనో. పొగాకు బుట్టలు దాచుకునే అటక మీదికి ఎక్కి, నిచ్చెన పైకి లాక్కున్నాడు. అక్కణ్ణుంచి చెప్పాడు:

"అమ్మని నువ్వు చూసుకో. నీకు అలవాటేగా."

అత్తగారిని ఆవిడ గదిలో పడుకోబెట్టి, చెయ్యి కడిగి, గుడ్డ చుట్టింది తుమిరా. ముఖం తుడిచింది. ఊడిపోయిన ముడి మళ్ళీ వేస్తుంటే జుట్టు ఎంత పలచబడిపోయిందో అప్పుడు చూసింది. ఇన్నేళ్ళు ఒకే పొయ్యి దగ్గర మసి పట్టారు. ఒకే మంచం మీద పక్కపక్కన కూర్చోవడం మాత్రం అదే మొదలు.

"గడియ వేసేటప్పుడు నన్ను చూశాడు" అంది ముసలావిడ.

"కంగారులో వేసుంటాడత్తా."

"వాడి సంగతి నాకు చెప్తావా? అన్నం చల్లారిందని కంచం తోసేస్తే మళ్ళీ వండి పెట్టాను. నువ్వొచ్చాక నీ చేత వండించాను. నా పని తగ్గిందని సంబరపడ్డాను." కాసేపు ఊపిరి అందలేదు. "నా చేతులు మంచానికి కట్టెయ్. గట్టిగా కట్టమ్మా, నీదంతా మెతక చెయ్యి. పిల్లని తీసుకుని పొలాల మీదుగా పైకి పో. పోయేముందు వాణ్ణీ రమ్మని ఒక్కసారి పిలువు. ఒక్కసారే."

ఒక మంచిమాట చెప్పాలనిపించింది తుమిరాకి. ఇన్నేళ్ళ కోపం అడ్డొచ్చిందో, కన్నీళ్ళే అడ్డొచ్చాయో, ముళ్ళు వేయడం మీదే ధ్యాస పెట్టింది. ఆవిడ మెతక చెయ్యి అన్నది తిట్టుగానా, ముద్దుగానా అని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటుంది.

గదిలో అత్తగారి మంచం కిర్రుమనడం మొదలయ్యాక అటక కింద నిలబడి హర్జోనోని పిలిచింది. రమ్మంది. పెరట్లోవి వీధి వైపు మళ్ళాయని, ఇదే అదనని చెప్పింది.

"మీరిద్దరూ పోతే కింద ఎవరుంటారు?" అన్నాడు హర్జోనో.

ఆ గొంతులో అధికారం లేదు. చీకట్లో తల్లికోసం ఏడ్చే పిల్లాడి గొంతు అది. దానికే తుమిరా కాళ్ళు ఒక్క క్షణం ఆగిపోయాయి. వెనింగ్ ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

కొండపై ఊరి బడిలో, తప్పించుకొచ్చినవాళ్ళ కోసం చాపలు పరిచారు. కొన్నాళ్ళకి సైనికులు కింద ఊళ్ళన్నీ వెతికి వచ్చారు. ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదన్నారు. తుమిరా మొగుడి కోసం ఏడ్చింది. ఇంకోసారి పిలవాల్సిందేమో అని ఏడ్చింది. రెండోసారి పిలిచి ఉంటే తను ఆగిపోయేదన్న సంగతి తెలిసే ఏడ్చింది.

ఆ సాయంత్రం నమాజు అయ్యాక చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన. చదివే పెద్దాయన ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి పేర్లు అడుగుతున్నాడు. తుమిరా భర్త పేరు చెప్పింది.

"అత్తగారి పేరమ్మా?"

తుమిరా వెనింగ్ వైపు చూసింది. ఆ పిల్లకి ఆవిడ నానమ్మ, అంతే. ఊరందరికీ హర్జోనో వాళ్ళమ్మ. ఎంత తవ్వుకున్నా ఇంకో పేరు తగల్లేదు. కట్లు కడుతున్నప్పుడు ముఖంలో ముఖం పెట్టి కూర్చుందే, అడగాలని తోచనేలేదు.

"ఫరవాలేదులే, హర్జోనో తల్లి అని చదివేస్తాను" అన్నాడు పెద్దాయన.

"కాసేపు ఆగండి" అని తుమిరా లేచింది.

తమ ఊరి ముసలమ్మలు మూల చాపమీద ఉన్నారు. వెళ్ళి అడిగింది. "పేరా? మీ మామ కార్తో కదా, మేం కార్తో పెళ్ళాం అనేవాళ్ళం" అంది ఒకామె. ఇంకొకామె తల అడ్డంగా ఊపింది. తుమిరా పక్క చాపకి వెళ్ళింది. అక్కడ చూపు ఆనని ముసలమ్మ ఒకామె తడుముకుంటూ తలెత్తింది.

"ఎవరమ్మా నువ్వు?"

హర్జోనో పెళ్ళాన్ని అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"తుమిరాని" అంది.