తెర వెనక అయిదో గొంతు

బడి గేటు దాటితే ఆ పిల్లకి అమ్మ ఉండదు, మేడమ్ ఉంటుంది. ఈ చట్టం చేసింది అమ్మే. ఒకటో తరగతిలో చేర్చిన రోజున గేటు ముందు గొంతుక్కూర్చుని, పిల్ల టై సరిచేస్తూ, "లోపల నన్ను అమ్మా అనకూడదు. అందరిలాగే మేడమ్ అనాలి, తెలిసిందా?" అని మరీ మరీ చెప్పింది. పిల్ల బుద్ధిగా తలూపింది. అప్పట్నుంచి పదో తరగతి దాకా ఒక్కసారి కూడా తప్పలేదు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతున్నప్పుడు కూడా "మేడమ్, మేడమ్" అనే ఏడ్చింది. సాయంత్రం గేటు బయట కాలు పెట్టీ పెట్టగానే "అమ్మా, ఆకలి" అనేది.

అమ్మ చెప్పేది సాంఘికశాస్త్రం, ప్రాణం మాత్రం నాటకాల మీద. వార్షికోత్సవంలో నాటకం వేయించేది ఆవిడే. రిహార్సల్‌లో ఎవరేం చెప్పినా ఆవిడ నోటి నుంచి మొదట ఊడిపడే మాట "మళ్ళీ చెప్పు." అందుకని పిల్లలు ఆవిడకి 'మళ్ళీచెప్పు మేడమ్' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడకి తప్ప బడిలో అందరికీ తెలుసు. ఆవిడ కూతురికి వాళ్ళు పెట్టిన పేరు 'కర్టెన్'. ఏటేటా నాటకంలో ఆ పిల్ల చేసే పని తెర లాగడమే మరి.

కర్టెన్‌కి నాటకమంటే పిచ్చి. తాడు పట్టుకుని పక్కన నిలబడి రాజు మాటలు, దొంగ మాటలు, ఆఖరికి మేక అరుపు కూడా పెదాలు కదుపుతూ చెప్పుకునేది. ఇంట్లో అమ్మ స్నానానికి వెళ్తే చాలు, అమ్మలాగా నడుం మీద చెయ్యేసి, కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "మళ్ళీ చెప్పు" అని నాన్నని ఆటపట్టించేది. నాన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నీళ్ళ చప్పుడు ఆగగానే ఇద్దరూ ఏమీ ఎరగనట్టు చెరో పుస్తకం పట్టుకునేవారు.

ఈ ఏడాదే ఆఖరు. పది అయిపోతే ఆ బడీ ఉండదు, ఆ స్టేజీ ఉండదు. సరిగ్గా అప్పుడే బామ్మ వేషం వేయాల్సిన అమ్మాయి వాళ్ళ నాన్నకి బదిలీ అయి వెళ్ళిపోయింది. నాటకానికి ప్రాణమే ఆ బామ్మ. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని, అది పోయిందని ఇల్లంతా పీకి పందిరేసే గయ్యాళి బామ్మ.

ఆ రాత్రి భోజనాల దగ్గర కర్టెన్ ఏటా లాగే మెల్లిగా కదిపింది. "అమ్మా, ఆ బామ్మ వేషం నాకివ్వచ్చుగా?"

"ఇంట్లో బడి మాటలు వద్దన్నానా?"

మర్నాడు బడిలో వరండాలో పట్టుకుంది. "మేడమ్, ఆ బామ్మ వేషం..."

"ఇంటి గోల ఇక్కడికి తేకు," అని చెప్పి మేడమ్ రెండడుగులు వేసి ఆగింది. గొంతు తగ్గించింది. "నా కూతురికి నేనే ఇస్తే నలుగురూ ఏమనుకుంటారే? అర్థం చేసుకో."

కర్టెన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. ఇంట్లో అడిగితే బడి సంగతి, బడిలో అడిగితే ఇంటి సంగతి. ఇంతకీ తను అడగాల్సింది ఎక్కడ, గేటు ఎక్కి కూర్చునా? ఇలా కుదరదని ఆ పిల్ల అప్పుడే గట్టిగా అనుకుంది.

ఆ బడికి ఒక వింత అలవాటుంది. సొంత బడి కావడంతో, దాన్ని పెట్టిన పెద్ద మేడమ్‌కి తోచిందల్లా అక్కడ రివాజే. ఏడాదికోసారి 'తలకిందుల రోజు' జరుపుతారు. ఆ రోజు పదో తరగతి పిల్లలు పాఠాలు చెబుతారు, టీచర్లు టైలు కట్టుకుని బెంచీల మీద కూర్చుంటారు. ఆ రోజు పిల్ల టీచర్లు ఏం ఆజ్ఞాపించినా చెల్లుతుంది, తర్వాత ఎవరూ కొట్టేయడానికి వీల్లేదు. ఒకసారి ఒక పిల్లాడు ప్రిన్సిపాల్ గది తలుపుకి చిలకపచ్చ రంగు వేయించాడు. చూడవచ్చిన పెద్దమనుషులు మొహం చిట్లించినా సరే, అది నేటికీ చిలకపచ్చగానే ఉంది.

ఈసారి ఆఖరి పీరియడ్ నాటకం క్లాసు. అది చెబుతానని కర్టెన్ అందరికంటే ముందు చెయ్యెత్తింది.

హాల్లో టీచర్లంతా చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. లెక్కల మాస్టారు డెస్కు కింద వేరుశనగలు ఒలుస్తున్నాడు. ఆటల మాస్టారు ఎవరి టైనో బెంచీకి ముడేస్తున్నాడు. పెద్ద మేడమ్ కూడా రెండు జడలు వేసుకుని వెనక బెంచీలో కూర్చుంది. మొదటి బెంచీలో మాత్రం మళ్ళీచెప్పు మేడమ్ చేతులు కట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. ఆవిడ వేళాకోళానికి కూడా వంకర టింకరగా కూర్చోలేదు పాపం.

కర్టెన్ వేరుశనగలు జప్తు చేసింది. నాలుగు తను తిని, బల్ల చరిచింది.

"పిల్లలూ, నిశ్శబ్దం! ఈ రోజు బామ్మ వేషానికి ఎంపిక. వేషం కావలసినవాళ్ళు తెర వెనక నుంచి ఒకే మాట చెబుతారు. మొహాలు కనబడవు. మీరు గొంతు విని చేతులెత్తాలి. ఎక్కువ చేతులు ఎవరికొస్తే బామ్మ వాళ్ళే. ఇది తలకిందుల రోజు ఆజ్ఞ."

మళ్ళీచెప్పు మేడమ్ మొహం విప్పారింది. "భలే ఆలోచన! ఎవరి పిల్ల అన్న గొడవే ఉండదు," అని పక్కావిడతో అంది. ఆ మాట కర్టెన్ చెవిన పడింది. నవ్వు పంటి బిగువున ఆపుకుని తెర వెనక్కి వెళ్ళింది. తెర పని ఎప్పుడూ తనదే కదా, ఎవరికి అనుమానం వస్తుంది?

తెర వెనక తన క్లాసు అమ్మాయిలు నలుగురున్నారు. చెప్పాల్సిన మాట ఇది: "నా కళ్ళజోడు దొరికేదాకా ఈ ఇంట్లో ఎవరికీ భోజనం లేదు!" మొదటి అమ్మాయి చదివినట్టు చెప్పింది. రెండో అమ్మాయి మధ్యలో కిసుక్కుమంది. మూడో అమ్మాయి గొంతు మొదటి బెంచీ దాటలేదు. నాలుగో అమ్మాయి బాగానే చెప్పింది, కానీ ఆ బామ్మకి కోపం కంటే జలుబు ఎక్కువున్నట్టుంది.

కర్టెన్ తన దగ్గర ఒక ఉపాయం పెట్టుకుంది. ముక్కు పట్టుకుని చెబితే గొంతు మారిపోతుంది, అమ్మ ఆనవాలు పట్టలేదు. తాడు వదిలి ముందుకొచ్చింది. ముక్కు పట్టుకుంది. నోరు తెరిచింది. ఇన్నేళ్ళూ పెదాలతోనే పలికిన పిల్లకి తెర వెనక నిలబడి గట్టిగా పలకడం కొత్త. "నా కళ్ళ..." అని పిల్లి కూనలా అని ఆగిపోయింది.

అలవాటున హాల్లోంచి అరుపు వినబడింది. "మళ్ళీ చెప్పు!"

ఆ అరుపు వినగానే కర్టెన్ చెయ్యి ముక్కు వదిలి తనంతట తనే నడుం మీదికి పోయింది. ఎదురుగా నాన్న కూర్చున్నట్టే అనిపించింది. గొంతులోంచి అమ్మ ఊడిపడింది.

"నా కళ్ళజోడు దొరికేదాకా ఈ ఇంట్లో ఎవరికీ భోజనం లేదు! ఏం, నవ్వులాటగా ఉందా? దొరికిందా? లేదా? మళ్ళీ వెతుకు!"

హాలు గొల్లుమంది. లెక్కల మాస్టారు చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆటల మాస్టారు తను ముడేసిన టై తనదేనన్న సంగతి తెలీక లేవబోయి బెంచీతో సహా వంగాడు. అది ఎవరి గొంతో హాల్లో ప్రతివాళ్ళకీ తెలిసిపోయింది, ఆ గొంతు సొంతదారుకి తప్ప.

మళ్ళీచెప్పు మేడమ్ లేచి నిలబడి అందరికంటే ముందు చెయ్యెత్తింది. "ఇదీ బామ్మంటే! ఏం అధికారం, ఏం విసురు! ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందీ పిల్ల? ఎత్తండి, చేతులెత్తండి!" అని వెనక్కి తిరిగి అందర్నీ తొందరపెట్టింది. హాల్లో చేతులన్నీ లేచాయి. "అయిదో అమ్మాయీ, ముందుకి రామ్మా!"

తెర తొలగింది. నలుగురు అమ్మాయిలు పక్కకి తప్పుకున్నారు. తాడు పట్టుకుని కర్టెన్ నిలబడి ఉంది.

"అయిదో అమ్మాయేదీ?" అంది మేడమ్.

"నేనే, మేడమ్."

"మీ గొంతు మీరే ఆనవాలు పట్టలేదా మేడమ్?" అన్నాడు లెక్కల మాస్టారు, రుమాలు తీసి. "బామ్మగారి కళ్ళజోడు నెత్తిమీదే ఉందండీ!"

మేడమ్ మొహం ఎర్రబడింది. కర్టెన్ తాడు గట్టిగా పట్టుకుంది. ఇక అయిపోయింది, ఇప్పుడు కాదనేస్తుంది.

"ఇది చెల్లదు," అంది మేడమ్. "నలుగురూ ఏమను..."

"ఆ నలుగురమూ ఇక్కడే ఉన్నాంగా," అంది వెనక బెంచీలోంచి రెండు జడల పెద్ద మేడమ్. "మా చేతులు చూడు. అందరికంటే ముందు ఎత్తింది నువ్వే."

మేడమ్ కూతురి వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళున్నాయి, మూతి మాత్రం నవ్వు ఆపుకుంటోంది.

"ఇంత బాగా చేసేదానివి, గట్టిగా అడగొచ్చు కదే నన్ను?"

"ఇంట్లో అడిగాను, మేడమ్. బడి మాటలు వద్దన్నారు. బడిలో అడిగాను. ఇంటి గోల తేవద్దన్నారు. ఏటా అడిగాను. గేటు ఇవతలా అవతలా."

మేడమ్ కళ్ళజోడు కింది నుంచి ఒక చుక్క జారింది. ఆవిడ తుడుచుకోలేదు.

"మళ్ళీ చెప్పు," అంది మెల్లిగా. "ఈసారి మేడమ్ అనకుండా."

కర్టెన్ ముక్కు ఎగబీల్చి, నడుం మీద చెయ్యి వేసింది. "ఈ రోజు మేడమ్‌ని నేనండీ. ఏదైనా అడగాలంటే చెయ్యెత్తాలి."

ఆవిడ చెయ్యి ఇంకా పైనే ఉంది. ఓటు వేయడానికి ఎత్తింది, దించడం మర్చిపోయింది.

కర్టెన్ అది చూసింది. తాడు వదిలేసి స్టేజీ అంచు దాకా వచ్చింది.

"ఇంక దించు, అమ్మా," అంది.