ఓడినదానికి బిళ్ళ

లాండ్రీ షాపులో వీడియో గేము మిషను ఎందుకుందని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. అంతకుముందు ఆ గదిలో ఆటల షాపు ఉండేది. దాని యజమాని ఖాళీ చేసి వెళ్తూ అన్నీ పట్టుకుపోయాడు గానీ, ఈ కొట్లాట మిషను గుమ్మంలో పట్టక వదిలేశాడు. మరి లోపలికి ఎలా వచ్చిందని మాత్రం అడక్కండి, ఎవరికీ తెలియదు. షాపు నడిపే తోడికోడళ్ళిద్దరూ మొదట్లో దాని నెత్తిన మడతపెట్టిన దుప్పట్లు పెట్టేవారు. తర్వాత ముందు ఎవరు ముట్టుకున్నారో ఏమో, మధ్యాహ్నం గిరాకీ తగ్గే వేళకి ఒక ఆట పడకపోతే ఇద్దరికీ తోచేది కాదు.

ఇందులో మిగతా ఆటల్లోలాగా మూడు ప్రాణాలూ నాలుగు ప్రాణాలూ ఇవ్వరు. తెర మీద కొట్లాడే మనిషికి ఒక పచ్చటి గీత ఇస్తారు, దెబ్బ పడ్డకొద్దీ అది కరిగిపోతుంది. మూడు రౌండ్లలో రెండు పోతే ఆట పోయినట్టే. అయినా మిషను మరీ కఠినాత్మురాలు కాదు. ఓడిన వైపు తొమ్మిది నుంచి అంకెలు వెనక్కి లెక్కపెడుతుంది. సున్నా వచ్చేలోగా మిషనులో ఇంకో ఇత్తడి బిళ్ళ వేస్తే లేచి మళ్ళీ తన్నుకోవచ్చు, కావాలంటే వేరే మనిషిని ఎంచుకోవచ్చు. ఆ పోరు వద్దనుకున్నవాళ్ళు బటన్ నొక్కితే ఒక్కో నొక్కుకీ ఒక్కో అంకె గబుక్కున పడిపోతుంది.

మొదట్లో ఓడిన కోడలు మూతి ముడుచుకుని ఆ బటన్ టపటపా నొక్కేసి, రాత్రి అన్నం దగ్గర కూడా మాట్లాడేది కాదు. కౌంటరు దగ్గర కూర్చునే అత్తగారు కొన్నాళ్ళు చూసి, చూసి, తీర్పు చెప్పేసింది.

"ఓడినదానికి గెలిచింది బిళ్ళ వెయ్యాలి. ఎవరి బిళ్ళ వాళ్ళు వేసుకోకూడదు."

అంతే, ఆ షాపులో అదే చట్టమైంది. కొట్టిన చెయ్యే లేవదియ్యాలంటే ఎవరి కోపం మాత్రం ఎంతసేపుంటుంది?

అయితే ఆదివారం జరిగింది ఆట కాదు. చిన్నకోడలు ఒక పెళ్ళికోటు మీద తడిగుడ్డ వెయ్యకుండా ఇస్త్రీ పెట్టి వీపు మీద మాడ్చేసింది. కోటుకి బదులు కొత్తది కుట్టించి ఇవ్వడానికి ఒప్పందమైంది, అక్కడితో పోయేదే. కానీ పెద్దకోడలు నోరు ఊరుకోదు కదా. నలుగురు ఖాతాదారుల ముందు, "అవి చేతులా, కొయ్యలా? ఇంకోసారి ఇస్త్రీ ముట్టుకోకు," అనేసింది. చిన్నది వెళ్ళి సబ్బు నీళ్ళ దగ్గర కూర్చుంది. ఆ మర్నాడే ఆసుపత్రి లాండ్రీలో మనిషి కావాలని చిన్నదానికి కబురొచ్చింది. ఇవాళ సాయంత్రంలోగా వస్తుందో రాదో చెప్పాలట.

పెద్దకోడలికి ముద్ద దిగడం లేదు. చిన్నది పోతే పని ఆగదు, ఇంకెవరో వస్తారు. కానీ ఆ ఇంకెవరితోనో దుప్పటి చివరలు పట్టుకుని మడతపెట్టడం ఆమె ఊహకి అందలేదు. 'తప్పు నాదే' అనడానికి నాలుక తిరగదు. పుట్టాక ఒక్కసారీ అనలేదు, ఇప్పుడు కొత్తగా ఎక్కణ్ణుంచి వస్తుంది?

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక, ఆదివారం నుంచి మిషను మీద పేరుకున్న దుప్పట్లు తీసి పక్కన పెట్టింది.

"ఒక ఆట వేద్దామా?" అంది, గోడతో అన్నట్టు.

చిన్నది చేతులు తుడుచుకుని వచ్చి తన వైపు నిలబడింది.

ఈ ఆట ఓడిపోదామని పెద్దది ముందే అనుకుంది. ఓడితే చట్టప్రకారం చిన్నది బిళ్ళ వెయ్యాలి, వేసిందంటే రాజీ అయినట్టే. ఉపాయం బాగానే ఉంది గానీ చెయ్యి మాట వినలేదు. తెర మీద ఆమె మనిషి ఒక జడపిల్ల, ఇన్నేళ్ళూ ఆ పిల్లనే ఆడించింది. చిన్నది ఆడించే గుండోడు దగ్గరికి రాగానే జడపిల్ల దానంతటదే ఎగిరి తన్నింది. వద్దనుకుంటూనే రెండు రౌండ్లూ గెలిచేసింది. గుండోడు వెల్లకిలా పడ్డాడు.

తొమ్మిది.

బిళ్ళలన్నీ ఖాతాదారుల జేబుల్లో దొరికిన గుండీలతో పాటు ఒక గిన్నెలో ఉంటాయి. పెద్దది కంగారుగా చెయ్యి పెట్టి ఇత్తడిది ఒకటి తీసి మిషనులో వేసింది. అది జారి ఖణేల్‌మని కింద పడింది. చూస్తే గుండీ. మాడిన కోటు నుంచి కోసి దాచినది.

చిన్నది దాన్ని చూసింది. మొహం మాడ్చుకుని, చెయ్యి తీసుకెళ్ళి బటన్ మీద పెట్టి ఒకసారి నొక్కింది. ఏడున్నది కాస్తా ఆరైంది.

"నొక్కకే," అంది పెద్దది. గిన్నె మొత్తం బల్ల మీద బోర్లించి వెతుకుతోంది. "ఆదివారం నేనన్నది తప్పు. నువ్వు పోతే నాకు తోచదు. నొక్కకు."

ఎలా వచ్చాయో వచ్చేశాయి మాటలు. అంకెలు తరుముతుంటే నాలుక కూడా బెట్టు చెయ్యలేదు కాబోలు.

చిన్నది చెయ్యి తీసేసింది. మూడు. రెండు. పెద్దదానికి బిళ్ళ దొరికింది, వేసింది. అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది.

చిన్నది గుండోణ్ణి వదిలేసి జడపిల్లని తీసుకుంది. తెర మీద రెండు జడలు నిలబడ్డాయి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం.

"అది నాది," అంది పెద్దది.

"చూస్తూనే ఉన్నాగా అక్కా ఇన్నాళ్ళూ," అంది చిన్నది.

నిజంగానే చూసింది. పెద్దది ఎక్కడ ఎగురుతుందో, ఎక్కడ వంగుతుందో అన్నీ దానికి తెలుసు. ఈసారి పెద్దది ప్రాణం పెట్టి ఆడింది, అయినా ఓడిపోయింది. తన విద్యతోనే తనని కొడితే కోపం రావాలి. రాలేదు సరికదా, కడుపు నిండినట్టయింది.

"రేపటి కోట్లు నువ్వే ఇస్త్రీ చెయ్యి," అంది.

"తడిగుడ్డ వేసి చేస్తాలే."

పెద్దదాని వైపు తొమ్మిది వెలిగింది. సరిగ్గా అప్పుడే కౌంటరు మీద ఫోను మోగింది. అత్తగారు ఎత్తి, రిసీవరు చేత్తో మూసి ఇటు తిరిగింది.

"చిన్నమ్మాయ్, ఆసుపత్రి లాండ్రీ వాళ్ళు. ఏం చెప్పను?"

చిన్నది బల్ల మీది గుండీల్లోంచి తడబడకుండా ఒక బిళ్ళ ఏరింది. వెంటనే వెయ్యలేదు. అంకెలు దిగుతుంటే తోడికోడలి మొహం తీరిగ్గా చూస్తూ నిలబడింది. పెద్దది రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది, బటన్ జోలికి పోలేదు. నాలుగు. మూడు.

"చేతిలో పని ఉంది అత్తయ్యా," అని చిన్నది బిళ్ళ వేసింది.

అత్తగారు ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"మా చిన్నమ్మాయి రాదండీ," అంది. "మా పెద్దమ్మాయి ఓడిపోయింది. ఇది లేకపోతే దానికి బిళ్ళ ఎవరు వేస్తారు?"