కుర్చీ కింది గడ్డి

మేస్త్రి మోకాళ్ళ మీద జరుగుతూ గడ్డిని ఎదురు దువ్వుతున్నాడు. బ్రష్షు ముందుకు తోసినప్పుడల్లా ప్లాస్టిక్ పోచలు సరసరమని లేచి, మళ్ళీ బుద్ధిగా గేటు వైపుకే వాలుతున్నాయి. పోచ ఏ పక్కకి వాలుతుందో చూడకుండా కత్తి పెట్టడం ఆయన దృష్టిలో పాపం. ఒక్క ముక్క అటుదిటు పడిందంటే, ఏటవాలు ఎండలో అది నల్లగా కనిపించి పని పరువు తీస్తుంది.

మేకలు కూడా మూతి పెట్టని గడ్డికి ఇంత సేవేమిటని ఆయన భార్య వెక్కిరిస్తూ ఉంటుంది. అలాగని పాత జీన్సు ప్యాంటు చింపి, లోపల దూది కూరి, ఆయన మోకాళ్ళకి మెత్తలు కుట్టిచ్చిందీ ఆవిడే. ఇరవై రెండేళ్ళలో నాలుగు జతలు అరిగిపోయాయి. ఇప్పుడు మోకాళ్ళే అరిగాయని డాక్టరు చెప్పాక, వంగి చేసే పని ఇవాళ్టితో ఆఖరని ఆవిడ ఒట్టు వేయించుకుంది.

ఆఖరి పని ఈ ఇంట్లో పడటం యాదృచ్ఛికమే. పదకొండేళ్ళ కిందట ఇక్కడ గడ్డి పరిచిందీ ఆయనే. ఇప్పుడు మధ్యలో జానెడు మేర కరిగి ముద్ద కట్టింది. ఎవరో వేడి గిన్నె దించారని ఇంటావిడ టీచరమ్మ అనుమానం. మేస్త్రి పదకొండింటిదాకా ఆగి, అక్కడ అరచెయ్యి పెట్టి చూశాడు. చురుక్కుమంది. తలెత్తితే ఎదురింటి కొత్త కిటికీ అద్దం ఎండనంతా తెచ్చి అక్కడే పోస్తోంది.

"గిన్నె కాదమ్మా, ఆ అద్దం. వాళ్ళతో చెప్పి తెర కట్టించండి. లేకపోతే మళ్ళీ కరుగుతుంది."

కొత్త గడ్డి తెచ్చి అతికితే పాతదాని పక్కన పచ్చగా వెక్కిరిస్తుంది. అందుకని మెట్ల పక్కన, ఇంతే ఎండకి ఇంతే వెలిసిన చోటు వెతికి ముక్క కోశాడు. కరిగినచోట దాన్ని అతికి, కొత్తదాన్ని మెట్ల పక్కన ఎవరూ చూడని మూల కూర్చోబెట్టాడు. రెండు అతుకుల మీదా వేలు నడిపి చూసుకుంటే ఆయనకే దొరకలేదు. ఒళ్ళంతా గర్వంతో నిండింది.

పని అయిపోయింది. చుట్టూ దువ్వడానికి పేము కుర్చీ ఒకటి అడ్డం ఉంటే ఎత్తి పక్కన పెట్టాడు. దాని కింద రెండడుగుల చదరపు ముక్క, పోచలు ఇంటి వైపుకి వాలి, నల్లగా కనిపించింది.

అది ఆయన తప్పు. ఆనాడు వాన ముంచుకొస్తుంటే తొందరలో తిప్పి వేశాడు. సామాను సర్దుకునేటప్పుడు చూశాడు కూడా, నోరు మెదపలేదు. తరువాత ఆ వీధిన వెళ్ళిన ప్రతిసారీ, ప్రహరీ మీదుగా తొంగి చూస్తే, ఈ ఇంటాయన సరిగ్గా దానిమీదే కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కనిపించేవాడు. బతికిపోయాం అనుకునేవాడు మేస్త్రి.

ఇప్పుడు కుర్చీ మళ్ళీ అక్కడ పెట్టేసి పోతే అడిగే నాథుడు లేడు. మోకాళ్ళు సలుపుతున్నాయి. కానీ రేపటినుంచి దీన్ని దిద్దే చేతులు ఉండవు. ఇరవై రెండేళ్ళు నా పని చూడండి అని రొమ్ము విరుచుకు తిరిగినవాడికి, ఈ ఒక్కటి గుండెలో ముల్లులా ఉండిపోతుంది.

మెత్తలు బిగించుకుని మళ్ళీ కూర్చున్నాడు. ముక్కని నాలుగు వైపులా కోసి, పాత జిగురు గీకి, గేటు వైపుకి తిప్పి అతికాడు. పైన ఇసుక సంచులు పెట్టి, ఆరేదాకా కాపలా కాశాడు.

సంచులు తీస్తుంటే టీచరమ్మ వచ్చింది.

"అది కూడా తీశారేం?"

"అప్పుడు వాలు చూడకుండా తిప్పి వేశానమ్మా. నాదే తప్పు."

"తెలుసు," అంది ఆవిడ. "సారు మొదటి రోజు సాయంత్రమే చూశారు. ఇంత పనీ చక్కగా చేసినవాణ్ణి ఆ కాస్త ముక్క కోసం పిలిచి చిన్నబుచ్చడం ఎందుకన్నారు. కుర్చీ తెచ్చి అక్కడ వేసుకున్నారు."

మేస్త్రి ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "సారు ఊళ్ళో లేరామ్మా?"

"పోయిన చలికాలం వెళ్ళిపోయారు. ఈ కుర్చీలోనే. పేపరు ఒళ్ళోంచి జారనైనా లేదు."

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆవిడ చెప్పులు విప్పి గడ్డి మీదికి వచ్చింది. పాదాలతో తడుముతూ అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు నడిచింది.

"ఎక్కడా తగల్లేదు మేస్త్రిగారూ."

"తగలదమ్మా," అన్నాడు. "కుర్చీ మళ్ళీ ఇక్కడే వెయ్యనా?"

"వద్దు, గోడ పక్కన పెట్టండి. ఆయన దాచింది చాలు. ఇక అందరూ చూస్తారు."

సాయంత్రపు ఎండ ఏటవాలుగా పరుచుకుంది. మెట్ల నుంచి గేటుదాకా ఒకే రంగు. మేస్త్రి చివరిసారి దువ్వుతూ, తిప్పిన ముక్క దగ్గర ఆగాడు. పదకొండేళ్ళు కుర్చీ కాళ్ళు నొక్కిన గుంటలు నాలుగు, ముక్కతోపాటే తిరిగి అలాగే ఉన్నాయి. కాసిని వేడినీళ్ళు చల్లి దువ్వితే లేస్తాయని ఆయనకి తెలుసు. బ్రష్షు సంచిలో పెట్టుకుని, మెత్తలు విప్పుకుని, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు.

గోడ పక్కన పేము కుర్చీ ఖాళీగా ఉంది, గడ్డిలో దాని నాలుగు కాళ్ళ చోటూ అలాగే ఉంది.